పుస్తకర్మము: మంథనిసీమలోని చేతిబొమ్మల చరిత్ర

మంథని గోదావరికి దక్షిణపుదెస నున్న ప్రాచీనాగ్రహారము. మంత్రకూటము, మంత్రపురి యనునవి దీనికి నామాంతరములు. 1199వ సంవత్సరమునాఁటి మంథెన శాసనము కాకతి గణపతిదేవుని రాజ్యారంభకాలమును నిర్ణయించుటకుఁ జరిత్రకారుల కాధారమైనది. 2016లో జిల్లాల పునర్విభజనము జరుగువఱకుఁ గరీంనగరము జిల్లాకుఁ జెందియుండిన యీ యూరు నేఁడు పెద్దపల్లి జిల్లాలోనిది. ఇచటి వేదాధ్యయనమును గుఱించియు, దేవాలయములను గుఱించియు వ్రాసినవారు కలరు. శివపూజాపరులు గోదావరి రేవున మన్ను దెచ్చి చేతితోఁ జేసి, పూజ ముగియఁగానే నీటఁ గలుపు పార్థివలింగములను గుఱించి చరిత్రదృష్టితో వ్రాసినవా రరుదు. రాయి నిలుచును గావునఁ జరిత్రము రాతిచుట్టును దిరుగుచున్నది. మన్ను కరఁగిపోవును గావున దానిని రూపుగట్టించిన చేతులును మఱపునఁ బడినవి.

ఈ విషయము నిపుడు విచారించుటకు హేతు వొకటి కలదు. పాలిమరు మట్టి యను నొక కృత్రిమద్రవ్యము ఇటీవలి దశాబ్దములలో మన నగరముల యంగళ్లకు వచ్చినది. దానిని ముద్దచేసి, తీఁగెపై మెత్తి, ఎవ్వరును గని యెఱుఁగని ప్రాణులను, ఱెక్కలుగల మృగములను, కొమ్ములుగల కన్యకలను స్వబుద్ధితోఁ గల్పించి చేయు విద్య పాశ్చాత్యదేశములయందు వ్యాపించి మన యువజనమునుగూడ నాకర్షించుచున్నది. దీనిఁ జూచి కొందఱు, మనదేశపు శిల్పి ధ్యానశ్లోకమునకుఁ గట్టువడినవాఁడనియు, మూసలో నొత్తుటయే కాని మనసులోని రూపమును దనంతటఁ జేతితోఁ జేయుట యెఱుఁగఁడనియు, కావున నీ విద్య మనకుఁ గ్రొత్తదనియుఁ దలంచుచున్నారు. ఈ తలంపు లక్షణగ్రంథములచేతఁ గాని, గోదావరీతీరమున దొరికిన వస్తువులచేతఁ గాని, నేఁడును బనిచేయుచున్న కారువుల చేతులచేతఁ గాని సమర్థింపఁబడుటలేదు.

మెత్తని ద్రవ్యమును జేతితో మెత్తి రూపము గావించు పనికి సంస్కృతమునఁ బ్రత్యేకమైన పేరు కలదు. అది పుస్తము. అమరసింహుఁడు శూద్రవర్గమున లేప్యము మొదలగు పనులకుఁ బుస్తమని పేరు చెప్పి, గుడ్డతోను దంతముతోను జేసిన బొమ్మకుఁ బాంచాలిక, పుత్రిక యను పేర్లను దానితోఁ జేర్చినాఁడు. భరతముని యాహార్యాభినయమును నాలుగు విధములుగా విభజించి, వానిలో మొదటిదానికిఁ బుస్తమనియే పేరిడి, దానిని సంధిమము, వ్యాజిమము, వేష్టిమము నని మరల మూఁడుగాఁ జేసెను. చాపలు, గుడ్డలు, తోళ్లు కూర్చి చేసినది సంధిమము. యంత్రముచేఁ గదలునది వ్యాజిమము. చుట్టి చేసినది వేష్టిమము. రంగమునకుఁ గొండయో రథమో యేనుఁగో కావలసినపుడు వీనినే చేసి నిలుపుచుండిరి.

పుస్తకశబ్దము మిక్కిలి పరిచితమగుటచేఁ గాఁబోలును, పుస్తకర్మమనఁగానే గ్రంథలేఖనమని పొరపడుట కలదు. ఆ పొరపాటునకు సమాధానము బాణభట్టుని హర్షచరితమునందే యున్నది. బాణుఁడు తన యౌవనమిత్రులను లెక్కించుచుఁ జిత్రకారుని, పుస్తకృత్తును, పుస్తకవాచకుని వేర్వేఱుగాఁ బేర్కొనినాఁడు. పుస్తకృత్తు కుమారదత్తుఁడు, పుస్తకవాచకుఁడు సుదృష్టి. బొమ్మలు మెత్తువాఁ డొకఁడు, పొత్తము చదువువాఁ డింకొకఁడు. ఏడవ శతాబ్దిలో నొక మహాకవి తన చెలికాండ్రలో మన్ను పిసుకువానిని గూడ లెక్కించుటకు సంకోచింపలేదను సంగతియు గమనింపఁదగినది. పిమ్మటి పండితులకు సంకోచము హెచ్చినది. ఆ గ్రంథమునందే రాజ్యశ్రీ వివాహసన్నాహమును వర్ణించుచు, లేప్యకారులు గుంపులుగాఁ జేరి మట్టితోఁ జేఁపలను, తాఁబేళ్లను, మకరములను, కొబ్బరి, యరఁటి, పోఁక చెట్లను జేయుచున్నట్లు చెప్పెను. చేఁప కన్నది, తాఁబేలు కన్నది. మకర మట్టిది కాదు. తొండమును, మొసలిదౌడయు, చేఁపతోఁకయు నొక్కచోఁ గూర్చుకొని శిల్పమున నవతరించిన యా జంతువు నే నీటను దొరకదు. పెండ్లిపందిటిలో లేప్యకారుని చేయి యొక కల్పితప్రాణిని, గన్నవానితో సమానముగా, నే జంకును లేక చేయుచున్నది.

పాణినీయమున నైదవ యధ్యాయపు మూఁడవ పాదము నందలి ప్రకరణ మొకటి యీ విచారమునకు మిక్కిలి యుపకరించును. అందలి 96వ సూత్రము, దానివంటి దను నర్థమునఁ బ్రతికృతి యైనపుడు కన్ ప్రత్యయమును విధించుచున్నది. అశ్వమువంటి బొమ్మ యశ్వకము. 99వ సూత్రము, జీవిక కొఱకై యేర్పడియు నమ్మకమునకుఁ గాని ప్రతిమల విషయమున నా ప్రత్యయమునకు లుప్పును జెప్పుచున్నది. అర్చకునకు జీవిక నిచ్చు శివప్రతిమ శివకము గాదు, శివుఁడే. అంగడిలోఁ బెట్టి యమ్మెడు నేనుఁగుబొమ్మ హస్తికమే. ఈ సూత్రముపైఁ బతంజలి, మౌర్యులు హిరణ్యార్థులై యర్చలను గల్పించిరని చెప్పినమాట చరిత్రకారులకు సుపరిచితము. అమ్ముడుపోవు బొమ్మకును బూజనొందు బొమ్మకును గల భేదమంతయు వ్యాకరణమున నొక్క ప్రత్యయముయొక్క యునికిలోను లేమిలోను నిమిడినది. రెండువేల యేండ్లకుఁ బూర్వమే బొమ్మల వ్యాపారము మనదేశమున నెంతటి వాడుకలో నుండెనో యీ సూత్రములే చెప్పుచున్నవి. వాడుకలో లేనిదానికి సూత్రకారుఁ డక్షరము వ్యయింపఁడు.

ఇచట నొక చిక్కు పుట్టును. ప్రతికృతి యనఁగా మూల మొకటి యుండవలెను. గుఱ్ఱముండఁగా నశ్వక మేర్పడును. గండభేరుండమునకు మూల మేది? మూలము లేనిచో నది ప్రతికృతియే కాదందుమా, బొమ్మయే కాదనవలసివచ్చును. ఈ చిక్కునకుఁ బరిష్కారము శాబ్దికులే చూపిరి. మూఁడవ యధ్యాయపు భాష్యమునఁ గంసుని జంపించుచున్నాఁడను వర్తమానప్రయోగమును బతంజలి విచారించెను. కంసుఁడు చచ్చి చిరకాలమైనది. నటులును జిత్రకారులును గథకులును నేఁ డతనిని జంపించుట యెట్లు? వారు బుద్ధియందున్న కంసుని బ్రకాశింపఁజేయుదు రనుటయే సమాధానము. భర్తృహరి యీ భావమునే గ్రహించి, శబ్దముచే బుద్ధిలో రూపుగట్టిన వస్తువును బ్రత్యక్షమైనదానివలెనే సాధన మగునని యొప్పెను. నాగేశభట్టు బౌద్ధార్థమును మఱింత విస్తరించెను. కుందేటికొమ్మను మాటకు నర్థ ముండుట కదియే గతి. కాఁబట్టి కల్పితప్రాణి బొమ్మకును మూలము కలదు. అది చేయువాని బుద్ధియందున్నది. భాగవతపు టేకాదశస్కంధము ప్రతిమల నెనిమిది తెఱఁగులుగాఁ జెప్పుచు శిల, దారువు, లోహము, లేప్యము, లేఖ్యము, ఇసుక, మణి యనువానితోఁబాటు మనోమయియైన ప్రతిమను గూడఁ జెప్పినది. అది యుపాసకుని నిమిత్తము చెప్పఁబడిన మాట యగుట నిజమే. అయినను మనసులోని రూపము ప్రతిమయే యని యొప్పిన సంప్రదాయమున, దానికి మన్ను మెత్తుట నిషిద్ధ మెట్లగును?

శిల్పశాస్త్రములయందు సైతము దేవతామూర్తులకే ధ్యాననియమము గట్టి. వ్యాళముల విషయము వేఱు. అపరాజితపృచ్ఛ వ్యాళములను బదునాఱు విధములుగాఁ జెప్పి, యొక్కొక్కదానికిఁ బదునాఱు భంగిమలను గల్పించి, మొత్తము 256 రూపములకుఁ ద్రోవ చూపినది. ప్రకృతికిఁ బ్రత్యయమును జేర్చి పదములను నిష్పాదించునట్లు, మొగమునకు భంగిమను జేర్చి ప్రాణులను నిష్పాదించుట యిది. లక్షణము కల్పనకు సంకెల యనువారు దీనిఁ జూడవలెను. మంథనికి మిక్కిలి దూరము కాని పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుఁడు నిర్మింపించిన రామప్ప దేవాలయమున, మదనికల విగ్రహములతోఁబాటు చూరునకుఁ దగిలి నిలిచిన గజవ్యాళములు కలవు. అందు సింహదేహమును గజముఖమును నతికినచోట నతు కగపడదు. నల్లరాతిలో నా యొప్పిదము సాధించుటకు ముందు శిల్పి దేనితో నెన్నిమాఱులు యత్నించెనో రాయి చెప్పదు.

వైఖానసాగమమున, మరీచికృతమైన విమానార్చనకల్పమునను గాశ్యపుని జ్ఞానకాండమునను, మట్టిమూర్తిని జేయు క్రమము విపులముగాఁ జెప్పఁబడినది. ముందు కొయ్యతో శూలము నిలుపవలెను. అది యెముకల గూడు. దానికి నారత్రాళ్లు చుట్టవలెను, అవి నాడులు. కషాయములతోను జిగురులతోను నానవేసి సంస్కరించిన మన్ను దానిపై మెత్తవలెను, అది మాంసము. పైని సన్నని కల్కమును, దానిపై వస్త్రమును, తుద వర్ణమును వేయవలెను. వస్త్రము చర్మము. ఈ క్రమమును, నేఁటి పాలిమరు మట్టి శిల్పి క్రమముతోఁ బోల్చి చూచిన నాశ్చర్యము గలుగును. అతఁడు తీఁగెతో నెముకల గూడు కట్టును. అల్యూమినియపు రేకును నలిపి తీఁగెకుఁ జుట్టి దేహమునకు లావు తెచ్చును. దానిపై ముద్దను మెత్తి, మొదట దేహభాగముల రాశిని, పిదప మొగమును, తుదకుఁ బొలుసులను వెండ్రుకలను దిద్దును. కాల్చిన పిదప రంగు వేయును. అతఁ డాగమము చదివినవాఁడు కాఁడు. అయినను ద్రోవ యదియే, ఏలన మెత్తని ద్రవ్యము తన బరువును దాను మోయఁజాలదు. లోపల శూలము లేని చేయి వ్రేలును, మెడ క్రుంగును. మరీచికిఁ గనఁబడిన చిక్కే యతనికిని గనఁబడినది.

ఇఁక నేలలో దొరకిన సాక్ష్యమును జూడవలెను. మంథనికి సమీపసీమలందే శాతవాహనుల కాలమునాఁటి మూఁడు ముఖ్యస్థలములు కలవు. పెద్దపల్లికి దగ్గఱనున్న పెద్దబంకూరు, బౌద్ధస్తూపముతోఁ గూడిన ధూళికట్ట, గోదావరి యొడ్డుననే యున్న కోటిలింగాల. 1960ల తుదినుండి 1980ల మొదటిభాగమువఱకు రాష్ట్ర పురావస్తుశాఖవారు వీనిని ద్రవ్విరి. కోటిలింగాలలో గోబద, నారన, సమగోప మున్నగువారి నాణెములును, సిముకుని నాణెములును దొరకుటచేఁ జరిత్రకారుల దృష్టి యంతయు నాణెములపైననే నిలిచినది. అది సహజమే, నాణెముపై రాజు పేరుండును. ఆ నేలలోనే దొరకిన కాల్చిన మట్టిబొమ్మలపైఁ జేసినవాని పేరు లేదు. శ్రీపాద యెల్లంపల్లి జలాశయము నిండిన పిదపఁ గోటిలింగాలలోఁ గొంతభాగము నీటిపాలయినది.

ఈ కాలపు మట్టిబొమ్మలను గుఱించి మాటాడునపుడు మెతుకుసీమలోని కొండాపురము ప్రసక్తి తప్పదు. 1940 ప్రాంతమున హైదరాబాదు పురావస్తుశాఖవారు ద్రవ్విన యా స్థలమునఁ బలుచని తెల్లమట్టి బొమ్మలు దొరకినవి. ముందుభాగమున కొకటి, వెనుకభాగమున కొకటి రెండు మూసలు చేసి, వానిలో మన్ను నొత్తి, రెండు సగములను గలిపి చేసిన బోలుబొమ్మలవి. బోలుగానున్నచోఁ గాల్చునపుడు పగులవు. శిరోజాలంకారములయు, నగలయు నాజూకు చూడఁదగినది. వీని సొంపును జూచి కొందఱు, చేతితోనే మెత్తిన ముతకబొమ్మలు పూర్వదశకుఁ జెందినవనియు, మూస వచ్చిన పిదపఁ జేతిపని యంతరించె ననియుఁ గాలక్రమము నేర్పఱతురు. ఈ క్రమము సరికాదు. మూస యొక్క ప్రయోజనము సంఖ్య; ఒక్క రూపము పలుమాఱు కావలసినచోట మూస వలయును. చేతిపని యొక్క ప్రయోజన మొకమాఱే కావలసిన రూపము. రెండును నొకే యూరిలో నొకే దినమున నుండవచ్చును. కుమ్మరి తాను సారెపైఁ గుండలను వరుసగాఁ దీయుచునే పిల్లవానికై యెద్దుబొమ్మను వ్రేళ్లతో నొత్తి యిచ్చును. నొక్కిన ముక్కును, అతికిన మట్టిబిళ్ల కన్నులును గల బొమ్మ కనఁబడఁగానే దానిని బ్రాచీనతరమనుట తొందరపాటు.

ఈ మాటకుఁ బ్రత్యక్షప్రమాణము గోదావరి కావలియొడ్డున, ఆదిలాబాదుసీమలో నున్నది. జైనూరు ప్రాంతమున, ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో, ఉషేగాము మొదలగు గూడెములలో నోఝాలను కారువులు గోండుల నడుమ నివసించుచు నిత్తడిపోఁత పని చేయుచున్నారు. వీరిపనికి డోక్రా యని ప్రసిద్ధి. ఆదిలాబాదు డోక్రాకు 2018లో భౌగోళికసూచిక గుర్తింపు లభించినది. ఓఝాశబ్ద ముపాధ్యాయశబ్దమునుండి ప్రాకృతముమీఁదుగా వచ్చినదని భాషాతత్త్వవేత్తలు చెప్పుదురు. మన ఒజ్జయు నచటనుండియే. తెలుఁగుదేశపు విశ్వబ్రాహ్మణుల పేళ్ల తుద వినవచ్చు ఓజు నీ కుటుంబములోనిదే యని తలంపవచ్చును. ఆదిలాబాదు గోండులను గుఱించి 1940లలోఁ బరిశోధించి 1948లో గ్రంథము ప్రకటించిన హైమెన్‌డార్ఫ్ పండితుఁడు వారి దేవతారాధనమును విపులముగా వర్ణించెను. ఆ యారాధనమునకు వలయు గంటలు, దీపములు, మూర్తులు మున్నగువాని నిచ్చు చేయి యోఝాదే.

ఓఝా పని యారంభము మట్టితోనే. జల్లించిన మన్నులో వరిపొట్టు గలిపి పిసికి, తాను జేయఁదలఁచిన యేనుఁగో నెమలియో యొక మోటురూపముగా లోదిమ్మెను జేసి యెండనిచ్చును. పొట్టు వేయుటకుఁ గారణమున్నది. వేఁడికిఁ బొట్టు కాలిపోఁగా మన్నులో సన్నని రంధ్రము లేర్పడును. పోఁతసమయమున వాయువు వానిగుండఁ బోవును, దిమ్మె పగులదు. పిమ్మటఁ దేనెమైనమును గుగ్గిలపు జాతి జిగురుతోఁ గాఁచి, వడియఁగట్టి, దారములవలె సన్నగాఁ దీయును. ఆ మైనపుదారములను దిమ్మెపై నొకదానిప్రక్క నొకటి చుట్టుచుఁ బోవును. కన్నులు, చెవులు, గంటలపేరు, అంబారి, నెమలి పురి యన్నియు మైనపుతీఁగెలే. డోక్రాబొమ్మ మేనిపైఁ గనఁబడు గీఁతల యల్లిక యలంకారము కొఱకుఁ దరువాతఁ జెక్కినది కాదు. చేతితోఁ జుట్టిన మైనపుదారము తన గుర్తు నిత్తడియందు విడిచిపోయినది. దానిపై మెత్తని పుట్టమన్ను పూసి, యారిన పిదప ముతకమన్ను మెత్తి, ద్వారము విడిచి కొలిమిలోఁ బెట్టఁగా మైనము కరఁగి పోవును. మైనమున్నచోటు శూన్యమగును. ఆ శూన్యమున ద్రవించిన యిత్తడిని బోయుదురు. చల్లాఱిన పిదప మట్టిని బగులఁగొట్టి బొమ్మను దీయుదురు.

చాళుక్య సోమేశ్వరుని మానసోల్లాసమున, 1129 ప్రాంతమున, నీ మైనపుఁబోఁత చెప్పఁబడినది. మైనమును దూఁచి దానికిఁ దగిన పాళ్లలో లోహమును గొనవలె నని యందు విధి. ఈ లెక్కకు హేతువు సులభము. తేనెమైనము నీటికంటెఁ దేలిక. ఇత్తడి నీటికన్న నెనిమిది రెట్లకుఁ బైఁబడిన బరువు. అదే చోటును నింపుటకు లోహ మన్ని రెట్లు కావలెను. ఓఝా యా గ్రంథమును జూచినవాఁడు కాఁడు, చూడవలసిన పనియు లేదు. అతని కొలత తరతరముల చేతిలోనిది.

ఇచట గమనింపవలసినది మట్టిమూస భగ్నమగుట. ప్రతిబొమ్మకుఁ గ్రొత్త దిమ్మె, క్రొత్త మైనము, క్రొత్త పూఁత. రెండవ బొమ్మ మొదటిదానివంటిదే కావలె ననినను గాదు. పిన్ననాఁటనుండి నూఱు నెమళ్లను జేసిన యోఝా చేయి నూటయొకటవ నెమలిని మరల మొదటినుండి కల్పించును. మనవారు మూసలో నొత్తుటయే యెఱిఁగినవా రనుమాట యీ యొక్క కొలిమియొద్దనే వీగిపోవుచున్నది. మఱియు నీ బొమ్మల రూపములు మూలమును బోలినవి కావు. ఏనుఁగు కాళ్లు కంబములై, దేహము పెట్టెయై, తొండము తీఁగెయై యుండును. పైనున్న మావటీఁడు చిన్న పక్షివలె నుండును. ఇది చేయరానితనమని చూచువారు కలరు. కన్నులెదుట నేనుఁగులు దిరిగిన యడవిసీమలోఁ బుట్టిన వంశము దాని రూపు నెఱుఁగక యిట్లు చేసినదనుట పొసఁగదు. వారు చేయునది బుద్ధిస్థమైన యేనుఁగు.

ఇట్టిదే మఱియొక ద్రవ్యము నకాషీలది. చేర్యాలలో నకాషీ చిత్రకారులు చింతగింజలను నానవేసి నూఱి, యుడికించి, యా జిగురులో ఱంపపుఁబొట్టు గలిపి లప్పము చేయుదురు. తేలికయైన పొనికికొయ్యపై దీనిని మెత్తి ముక్కు, చెక్కిలి, మీసము నెత్తి, పైని సుద్ద పూసి రంగులు దిద్దుదురు. యాదవులకుఁ గాటమరాజు కథలు చెప్పు మందెచ్చులవారు తమ కథాపాత్రలుగా నిలుపు బొమ్మలు వీరు చేసినవే. నిర్మలలోఁ గొయ్యబొమ్మల యతుకులకును నీ లప్పమే యాధారము. చింతగింజ పిండిలోని జిగురు, రసాయనవేత్తల లెక్కలో, దీర్ఘశృంఖలములైన శర్కరాణువుల సంహతి. అనఁగా నదియు నొక పాలిమరే. సహజమైనది, తినఁదగినది, పురుగు పట్టునది. ఈ చివరి గుణము బొమ్మలకుఁ జేటు. పాలిమరు మట్టి మనకుఁ గ్రొత్త యనువారు చేర్యాలకుఁ బోయి యొక పొయ్యిని జూచి రావలెను.

ఇఁక నా పాలిమరు మట్టి వృత్తాంతము కొంత చెప్పవలసియున్నది. జర్మనీదేశమున బొమ్మల తయారికిఁ బ్రసిద్ధురాలైన కేతే క్రూజె కుమార్తె సోఫీ, ఫీఫీ యను ముద్దుపేరు గలది, 1930ల తుదిభాగమున నిట్టి ద్రవ్యముతోఁ బనిచేసెను. 1964లో నామె దానిని ఎబెర్‌హార్డ్ ఫేబర్ వ్యాపారసంస్థ కిచ్చెను. వా రది ఫిమో యను పేర విక్రయించిరి. అమెరికాలో స్కల్పీ యను పేరుగలది యించుమించుగా నా కాలముననే వచ్చినది. ఇందు మన్ను లేదు. పాలివినైల్ క్లోరైడను ప్లాస్టిక్కు పొడిని, దానిని మెత్తఁబఱచు ద్రవమును గలిపి చేసినదిది. గాలికి నారదు, ఎన్నిదినము లైనను మెత్తగానుండి పనివానికి వ్యవధి నిచ్చును. 110 మొదలు 135 డిగ్రీల సెంటిగ్రేడు వేఁడిలో నుంచఁగా నా పొడి రేణువులు ద్రవమును బీల్చి యొండొంటితోఁ గలసి గట్టిపడును. వేఁడి మిక్కిలి హెచ్చినచో మాడి, హైడ్రోజన్ క్లోరైడను తీక్ష్ణవాయువు వెడలును. కుమ్మరి యావము కథ వేఱు. అందు 600 డిగ్రీలు దాఁటిన వేఁడికి మన్నులో నిమిడియున్న నీరు శాశ్వతముగా విడిపోయి, యది మరల మన్ను కానేరదు. అది కుండ యగును.

దీనికి మట్టి యను పేరు గౌణము. మెత్తఁదనము, ముద్దగా నొదుగుట, కాల్చిన గట్టిపడుట యను గుణసామ్యముచే వచ్చిన పేరు. మాణవకుని సింహమనినట్లు దీనిని మట్టి యనవచ్చును. లోకము గౌణప్రయోగమును నిరాకరింపదు. అయితే గౌణమును ముఖ్యమని భ్రమించినచోట హాని కలుగును. పార్థివశబ్దము పృథివీశబ్దముపైఁ దద్ధితము. పృథివినుండి వచ్చినది, పృథివిలోఁ జేరునది గావుననే యా లింగమునకుఁ గరఁగుట లోపము గాక విధియైనది. ఈ సీమలో బతుకమ్మకు ముందు కన్నెపిల్లలు పుట్టమన్నుతో గద్దెగాఁ జేసి పూలు గ్రుచ్చి యాడు బొడ్డెమ్మయు నట్టిదే. పొలాల యమావాస్యనాఁడు చేయు మట్టియెద్దులు నట్టివే. చవితినాఁటి వినాయకుఁడు నట్టివాఁడే. చవితిప్రతిమను ప్లాస్టర్ ఆఫ్ ప్యారిసుతోఁ జేయుట యారంభమైన పిదప నిమజ్జనమను క్రియకు నర్థము చెడినది. కేంద్ర కాలుష్య నియంత్రణమండలి 2020లో సవరించి ప్రకటించిన నియమములలో నా ద్రవ్యముతోఁ బ్రతిమలు చేయుటను నిషేధించెను. నీట నానని ప్రతిమ నీటఁ బడినచో నది నిమజ్జితము కాదు, పాఱవేయఁబడినది. పాలిమరు మట్టి బొమ్మ యింకను నట్టిది. దానిని గూటిలో నుంచి చూడవచ్చును, బహూకరింపవచ్చును, అమ్మవచ్చును. పాణిని లెక్కలో నది కన్ ప్రత్యయాంతము. గోదావరిలో విడువఁగూడదు.

పదములు కొన్ని నిశ్చయింపవలసియున్నవి. మట్టిబొమ్మను మలఁచె నని పత్రికలయందుఁ దఱచు వ్రాయుచున్నారు. మలఁచుట రాతిపని మాట; ఉలితో ననవసరమును దొలఁగించి రూపమును వెలువఱచుట దాని ముఖ్యార్థము. మన్నులోఁ దొలఁగించుట స్వల్పము, చేర్చుట యధికము. ఒత్తుట మూసకుఁ జెల్లును, పోయుట లోహమునకుఁ జెల్లును. పుస్తమనినఁ బొత్తమని తలంతురు. లిప్ ధాతువునకు సమానమై, గోడకును బొమ్మకును సమముగా నన్వయించు మెత్తు అను ధాతువు దేశ్యమున నున్నది. ఇల్లు మెత్తెడి యిల్లాలు మొదలు లప్పము మెత్తెడి నకాషీవఱకు దీని నాడుచున్నారు. పాలిమరు ముద్దతోఁ జేయు పనికిని మెత్తుఁబని యనుట యొప్పును.